తీసిన చెయ్యి

పంక్చర్లు వేసే మనిషి తన కాళ్ళతో తనే నడిచి వచ్చాడు. అదే పెద్ద సిస్టర్‌కి నచ్చలేదు.

ఎమర్జెన్సీలో ఇరవై నాలుగేళ్ళ నుంచి పనిచేస్తున్న మనిషి ఆవిడ. కేకలు పెడుతూ వచ్చేవాళ్ళని చూసి ఆవిడ కంగారు పడదు. అరిచే ఓపిక ఉందంటే ఇంకా కాస్త టైముందని లెక్క. అలా కాకుండా ఒక భుజం కిందికి వాల్చి, తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి, "ఏం లేదు సిస్టర్, కొంచెం..." అని నాలుగో మాటకే ఆగిపోయేవాళ్ళంటేనే ఆవిడకి భయం.

వెనకే అతని భార్య పరిగెత్తుకొచ్చింది. చేతిలో ఇంకా టైరు విప్పే లివరు ఉంది. దుకాణంలో ఏది పట్టుకుని ఉందో దానితోనే వచ్చేసింది పాపం.

"టైరుకి గాలి కొడుతున్నాడక్కా. ఛాతీలో ఏదో టప్‌మందన్నాడు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందన్నాను. నాదే బుద్ధి తక్కువ!"

"తర్వాత తిట్టుకుందువు గాని, ముందు ఆ ఇనప ముక్క కింద పెట్టు" అంటూనే సిస్టర్ అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పే ఓపిక లేక కత్తెరతో నిలువునా కోసేసింది. వెదురు కర్రలా పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎనభై రెండే చూపించింది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టేలోగా డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. చదువు పూర్తయి రెండేళ్ళు కూడా కాలేదు గాని చెయ్యి నిదానం. స్టెతస్కోపు ఎడమవైపు పెట్టింది, కుడివైపు పెట్టింది, మళ్ళీ కుడివైపే పెట్టింది. వేళ్ళతో ఛాతీ మీద తట్టి చూస్తే ఎడమవైపు మామూలుగా ఉంది. కుడివైపు ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. గొంతుగొట్టం ఎడమవైపుకి జరిగిపోయి ఉంది.

"కుడి ఊపిరితిత్తి కూలిపోయింది సిస్టర్. లోపల చేరిన గాలి గుండెని నొక్కేస్తోంది. ఎక్స్‌రే దాకా ఆగలేం. సూది."

సూది అప్పటికే సిస్టర్ చేతిలో ఉంది. కాలర్‌బోను కింద రెండో పక్కటెముక దాటాక డాక్టరమ్మ సూది దింపింది. స్‌స్‌స్‌మని గాలి బయటికి కొట్టింది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ సిస్టర్‌కి తన సొంత గుండె మీద నుంచి బరువు దిగినట్టుంటుంది. పంక్చర్ల మనిషి కళ్ళు తెరిచి, మాస్కు లోంచి అన్నాడు.

"వాల్వు పిన్ను... నొక్కారా?"

"ఓరి నీ ప్రాణం బంగారం కాను, ఇప్పుడా జోకులు!" అంది సిస్టర్. భార్య ఏడుస్తూనే నవ్వింది.

అది తాత్కాలికమే. అసలు పని తర్వాత జరిగింది. చంక కింద మత్తు ఇచ్చి, ఎముకల మధ్య చిన్న గాటు పెట్టి, డాక్టరమ్మ వేలితో దారి చేసి గొట్టం లోపలికి పంపింది. కుట్టు వేసి, గొట్టం రెండో చివరని నీళ్ళున్న సీసాకి కలిపారు. సీసాలో బుడబుడమని బుడగలు లేచాయి.

"చూడు, లోపలి గాలి ఇలా బయటికి వస్తుంది. నీళ్ళు అడ్డం ఉన్నాయి కాబట్టి తిరిగి లోపలికి పోలేదు" అని డాక్టరమ్మ చెప్పబోయింది.

"నాకా చెప్తారు డాక్టరమ్మా! రోజూ నేను చేసేది అదే కదా. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచుతాం. బుడగలొస్తున్నాయంటే చిల్లున్నట్టు. ఆగాయంటే అతుకు పడ్డట్టు." అతను తల పక్కకి తిప్పి సీసా వంకే చూస్తూ పడుకున్నాడు. పనివాడి చూపు అది.

మంచం తల వైపు గోడకి ఎర్ర ఇంకుతో రాసిన కాగితం అంటించి ఉంటుంది. 'బుడగలు వస్తున్న గొట్టానికి క్లాంపు పెట్టరాదు. రోగిని తరలించేటప్పుడు కూడా పెట్టరాదు.' రాత పెద్ద సిస్టర్‌దే. ఆవిడ నర్సుగా చేరిన రోజుల్లో పద్ధతి వేరు. అప్పట్లో ఎవరో తెలియక సీసాని మంచం మీద పెడితే నీళ్ళు ఛాతీలోకి వెళ్ళాయి. దాంతో అప్పటి పెద్ద డాక్టరు, రోగి గది దాటాలంటే గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు పడాల్సిందేనని హుకుం వేశాడు. ప్రతి నర్సు జేబులో రెండు క్లాంపులుండాలి. లేకపోతే అందరిముందూ చీవాట్లు. పద్దెనిమిదేళ్ళు అలాగే నడిచింది. ఆ తర్వాతే అది ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. చిల్లు ఇంకా పూడనప్పుడు గొట్టం మూసేస్తే, గాలికి ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే. ఆరేళ్ళ కింద పద్ధతి మార్చారు. ఆ కాగితం రాసి అంటించిందీ, కొత్త పిల్లలకి చెవినిల్లు కట్టుకుని చెప్పిందీ పెద్ద సిస్టరే.

గొట్టం సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి పైఅంతస్తులో ఎక్స్‌రే తీయాలి. సిస్టర్ వరండాలోకి కేక వేసింది.

"మెల్లగా మావయ్యా!"

ట్రాలీ తోసే మనిషికి అసలు పేరేదో ఉంది గాని, జీతం ఇచ్చే కాంట్రాక్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. గడప వస్తే "మెల్లగా", మలుపు వస్తే "మెల్లగా", లిఫ్టు వస్తే "మెల్లగా, మెల్లగా" అంటాడు. పేషెంటుకి చెప్తాడో, చక్రాలకి చెప్తాడో, తనకి తనే చెప్పుకుంటాడో తెలీదు. యాభై ఏడేళ్ళ మనిషి.

అతను ట్రాలీ తెచ్చేసరికి పంక్చర్ల మనిషి భార్య సిస్టర్ మోచెయ్యి పట్టుకుని వదలడంలేదు. "బతుకుతాడా అక్కా? నిజం చెప్పు. నాకెవరూ లేరు."

"బతక్కేం! నవ్వుతున్నాడుగా. అటు చూడు. ఒక గంటలో కిందికి వచ్చేస్తాడు. నువ్వు కాస్త మంచినీళ్ళు తాగు." నోరు ఆమెకి ధైర్యం చెబుతూనే ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దుప్పటి సర్దడం, ఫైలు తలకింద పెట్టడం, ఆక్సిజన్ సిలిండరు మీట తిప్పడం, గొట్టం మెలిపడకుండా చూడడం, సీసాని ట్రాలీ కింద కొక్కేనికి తగిలించడం. ఇరవై నాలుగేళ్ళ పని. "పద మావయ్యా."

"మెల్లగా" అన్నాడు మావయ్య.

నాలుగు నిమిషాలు కూడా కాలేదు. వరండా చివర లిఫ్టు దగ్గర అరుపులు వినిపించాయి. చెప్పులు జారుతున్నా సిస్టర్ పరిగెత్తింది. పై నుంచి లిఫ్టు తిరిగి కిందికే వచ్చేసింది. తలుపుకి ట్రాలీ అడ్డంగా ఉంది. పంక్చర్ల మనిషి పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. కళ్ళు తేలేశాడు. మావయ్య ట్రాలీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో క్లాంపు. సీసాలో నీళ్ళు కుతకుతలాడుతున్నట్టు బుడగలు తన్నుకొస్తున్నాయి.

వెనకే పరిగెత్తుకొచ్చిన డాక్టరమ్మ మాస్కు సరిచేసి, మెడమీద వేళ్ళు పెట్టి, ఛాతీ వింది. క్లిప్పులో అంకె డెబ్బై నాలుగు నుంచి ఎనభైకి, ఎనభై నుంచి తొంభైకి పాకింది. అప్పుడు తల తిప్పింది.

"గొట్టాన్ని ముట్టుకున్నావా నువ్వు?"

"ముట్టుకున్నానమ్మా."

"ఎవరు ముట్టుకోమన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. తీశాను."

"తీశాడట! మనిషి చచ్చిపోయేవాడు తెలుసా?"

పెద్ద సిస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ పాత రోజుల్లో నర్సులు క్లాంపులు పెట్టడం చూసి చూసి, ఈయన కూడా అదే పట్టుకున్నాడన్నమాట. "గొట్టాల జోలికి వెళ్ళొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను మావయ్యా? వెయ్యిసార్లు చెప్పానా లేదా?"

మావయ్య క్లాంపు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ముఖం వంక కాసేపు చూశాడు. "చెప్పారు సిస్టరమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటు గదిలో విచారణ జరిగింది. గట్టిగా పావుగంట పట్టింది. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. బల్లమీద ఫైళ్ళ గుట్ట, దానిమీద చల్లారిన కాఫీ. డాక్టరమ్మ చూసింది చెప్పింది. పెద్ద సిస్టర్ గుండ్రటి అక్షరాలతో వాంగ్మూలం రాసింది: 'ట్రాలీ పనివాడు తెలియనితనంతో గొట్టానికి క్లాంపు పెట్టినందువల్ల...' మావయ్యని తలుపు పక్కనే నిలబెట్టారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"క్లాంపు మీద చెయ్యి వేశావా లేదా?"

"వేశానండి."

"తీశానంటున్నావు. పెట్టనివాడు తీయడు కదా. సరే, విచారణ పూర్తయ్యేదాకా రావద్దు. ఎల్లుండి కాంట్రాక్టరుకి రాసి పంపిస్తాం. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాడు. క్లాంపుని ఒక కవర్లో వేసి, పైన తేదీ రాసి సూపరింటెండెంటు సొరుగులో పెట్టాడు. మావయ్య బయటికి వచ్చి నీలం యూనిఫాం కోటు విప్పి, మడత మీద మడత పెట్టి, లిఫ్టు తాళం దానిమీద పెట్టి, సిస్టర్ల బల్ల మీద ఉంచాడు. పెద్ద సిస్టర్ తల ఎత్తలేదు. కోపం ఇంకా దిగలేదు.

మర్నాడు కొత్త ట్రాలీ మనిషి వచ్చాడు. వచ్చిన గంటలోనే కాలు విరిగిన ముసలావిడని గోడకి కొట్టాడు. ఆవిడ తిట్ల దండకం ఎక్స్‌రే గది దాకా వినబడింది. పెద్ద సిస్టర్ అతన్ని నాలుగు దులిపి, డ్యూటీ మధ్యలో వీలు చూసుకుని పైన వార్డుకి వెళ్ళింది, పంక్చర్ల మనిషి ఎలా ఉన్నాడో చూద్దామని.

దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు సీసా మీదే. భార్య పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడుతోంది.

"దగ్గితేనే వస్తున్నాయి సిస్టర్ ఇప్పుడు. పొద్దున్న మామూలు ఊపిరికే వచ్చేవి. చిల్లు పూడుతోంది" అన్నాడు, దుకాణంలో గిరాకీకి చెప్పినట్టు.

"నువ్వే డాక్టరువైతే మాకెందుకు జీతాలు! నొప్పి ఉందా?"

"ఉంది. ఫర్వాలేదు. సిస్టర్, ఆ పెద్దాయన ఏడీ? నన్ను తోసినాయన. ఒకసారి చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

"దణ్ణమా? నిన్ను చంపబోయాడయ్యా. గొట్టానికి క్లాంపు పెట్టేశాడు."

అతను అర్థంకానట్టు చూశాడు. "ఆయన పెట్టడమేంటి? ఆయన తీశాడు."

"తీశాడు, సరే. ముందు పెట్టింది కూడా..."

"పెట్టింది మీరు కదా."

వార్డులో ఎవరో రేడియో పెట్టారు. పెద్ద సిస్టర్ నవ్వింది. ఆవిడకి నిజంగానే నవ్వొచ్చింది. "నేనా? బాబూ, పెట్టొద్దని గోడమీద రాసిందే నేను."

"నాకేం తెలుసు సిస్టర్ మీ రూల్సు. నేను బుడగలు చూస్తున్నాను. మీరు మా ఆవిడతో మాట్లాడుతున్నారు, బతుకుతాడు, నీళ్ళు తాగు అని. మాట్లాడుతూనే జేబులోంచి తీసి టక్‌మని పెట్టారు. బుడగలు ఆగాయి. ఆగగానే అనుకున్నా, అబ్బ, ఇంత తొందరగా అతుకు పడిందా అని. లిఫ్టులోకి వెళ్ళాక ఊపిరాడలేదు. మాట రాలేదు. ఆ పెద్దాయన నా ముఖం చూశాడు, సీసా చూశాడు. 'అయ్యయ్యో' అంటూ కిందకి వంగి తీసేశాడు. అంతే, తర్వాత తెలీదు."

పెద్ద సిస్టర్ కోటు జేబులోకి చెయ్యి వెళ్ళింది. పద్ధతి మారి ఆరేళ్ళయినా ఆ జేబులో రెండు క్లాంపులు ఉంటూనే వచ్చాయి, ఎప్పుడు ఏ అవసరమొస్తుందోనని. వేళ్ళకి ఒక్కటే తగిలింది. అటు మూల, ఇటు మూల వెతికింది. రెండో జేబు తిరగేసింది. ఒక పెన్ను, టేపు, చిన్న కత్తెర. రెండో క్లాంపు తేదీ రాసిన కవర్లో ఉంది.

"సిస్టర్, కూర్చోండి. మీకేమైంది?" అంటున్నాడు పంక్చర్ల మనిషి.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఆవిడ మావయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. రెండు గదుల ఇల్లు. మావయ్య నేలమీద దుప్పటి పరిచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రేపు ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా అలవాటు పోలేదు. అతని భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. సిస్టర్‌ని చూసి కత్తి పక్కన పెట్టింది గాని రమ్మని అనలేదు.

"రండి సిస్టరమ్మా. మెల్లగా, గడప ఎత్తుగా ఉంటుంది" అన్నాడు మావయ్య లేచి.

ఆవిడ కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. "పెట్టింది నేను మావయ్యా" అంది.

మావయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు.

"నీకు తెలుసు. నువ్వు చూశావు."

"చూశానమ్మా. మీరు పెడుతుంటే చూశాను. ఒకప్పుడు ఏళ్ళ తరబడి చూసిందే కదా, ఏదో కారణముండి పెట్టారేమో అనుకున్నాను. లిఫ్టులో బుడగలు లేవు, మనిషి నల్లబడిపోయాడు. ఇంకేం చూస్తాను, తీసేశాను."

"మరి ఎందుకు చెప్పలేదు? నేను అన్ని మాటలంటుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

"ఎవరూ అడగలేదు కదమ్మా." తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. "ముట్టుకున్నావా అన్నారు, ముట్టుకున్నానన్నాను. చెయ్యి వేశావా అన్నారు, వేశానన్నాను. పెట్టిందెవరని ఒక్కరూ అడగలేదు."

"అడక్కపోతే చెప్పకూడదా? నేను చేశానని నా ముఖం మీదే అనొచ్చుగా!"

"అందామనే మీ ముఖం చూశానమ్మా. మీకు నిజంగానే తెలీదు. అబద్ధమాడేవాళ్ళకైతే ఎదురు చెప్పొచ్చు. తెలియని మనిషికి ఏం చెప్తాం?"

"ఆయన పెద్ద ధర్మరాజు!" అతని భార్య ఇక ఉండబట్టలేకపోయింది. "నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు. నాకు ఇప్పుడు తెలుస్తోంది సంగతి. ఏమ్మా, మీకు పొరపాటైతే అది పొరపాటు. మాకైతే ఉద్యోగమే పోవాలా?"

"లేదు" అంది సిస్టర్. వచ్చేటప్పుడు గడప తగిలి తూలింది.

మూడోరోజు పొద్దున్న సూపరింటెండెంటు ఆవిడ చెప్పింది పూర్తిగా విన్నాడు. విని, తలుపు వేసి రమ్మన్నాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదు సార్. రాసిద్దామని వచ్చాను."

"తొందరపడకండి సిస్టర్. అతను కాంట్రాక్టు మనిషి. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. కాంట్రాక్టరుకి ఒక ఫోను చేస్తే ఇంకొకడు వస్తాడు. మీరు అలాక్కాదు. మీమీద ఇలాంటి మచ్చ పడితే రేపు మొత్తం ఎమర్జెన్సీ మాట ఎవరు వింటారు? పేషెంటు బాగానే ఉన్నాడు. పోనివ్వండి."

ఆవిడకి ఆ మాట తియ్యగానే వినబడింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం మనసు అటే మొగ్గింది. గోడమీది ఎర్ర అక్షరాలు, కొత్త పిల్లల నవ్వులు, 'పెద్ద సిస్టరే పెట్టిందట' అనే గుసగుస, అన్నీ కళ్ళముందు తిరిగాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూసింది. ఈ చేతులు ఎవరినీ అడక్కుండా పనిచేశాయి.

"ఇంకొకడు వచ్చాడు సార్, నిన్ననే. ట్రాలీ గోడకి కొట్టాడు. తోసేవాళ్ళు దొరుకుతారు. సీసా చూసేవాడు దొరకడు. మావయ్య చూడకపోతే ఆ మనిషి లిఫ్టులోనే పోయేవాడు. మీ సొరుగులో ఉన్న క్లాంపు నాది. కాగితం ఇవ్వండి."

రాసింది. అవే గుండ్రటి అక్షరాలు. పాత వాంగ్మూలం కొట్టివేయమని, క్లాంపు పెట్టింది తానేనని, తీసి ప్రాణం కాపాడింది ట్రాలీ మనిషని. ఆయన రెండుసార్లు చదివి, నిట్టూర్చి, ఇన్‌ఛార్జి బాధ్యత మీనుంచి తప్పించక తప్పదన్నాడు. ఆవిడ సరేనంది.

మధ్యాహ్నానికి మావయ్యని పిలిపించారు. ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మళ్ళీ తలుపు పక్కనే నిలబడబోతే పెద్ద సిస్టర్ లేచి తన కుర్చీ జరిపింది. కూర్చున్నాడు, అంచుమీద.

"నిన్ను తిరిగి తీసుకుంటున్నాం. జరిగిందేదో జరిగింది. కాకపోతే ఆడిట్‌కి ఒక కాగితం ఉండాలి. చదివి సంతకం పెట్టు" అన్నాడు సూపరింటెండెంటు.

మావయ్య వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. చాలాసేపు పట్టింది. మూడో వాక్యం దగ్గర వేలు ఆగింది: 'ఇకపై రోగికి అమర్చిన గొట్టాలను గాని, క్లాంపులను గాని ఎట్టి పరిస్థితుల్లోనూ తాకనని హామీ ఇస్తున్నాను.'

పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"ఇది మాత్రం పెట్టలేనండి."

"అదేమిటి? మొన్న పెట్టావుగా."

"మొన్న పెట్టింది నా సంగతండి. ఇది అలా కాదు. సంతకం పెట్టాక మళ్ళీ అలాగే జరిగితే నేను కాగితం చూసుకోవాలా, మనిషిని చూసుకోవాలా?"

"సిస్టర్‌ని పిలువు. డాక్టర్ని పిలువు."

"లిఫ్టులో నేనే ఉంటానండి. ఇంకెవరూ ఉండరు."

సూపరింటెండెంటు పెద్ద సిస్టర్ వంక చూశాడు, ఈయనకి మీరైనా చెప్పండి అన్నట్టు. రూలు రూలే కదా అని ఆవిడ నోటికి వచ్చే మాట ఆ రోజు రాలేదు. మావయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఉద్యోగం ఆ కాగితం మీదే ఉందని అతనికి తెలుసు.

చివరికి ఆయన కాగితాన్ని తన వైపు లాక్కుని, మూడో వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరేనయ్యా. అయితే ఏం రాయమంటావు?"

ఆ గదిలో అతన్ని ఎవరైనా అడగాల్సింది అడగడం అదే మొదటిసారి. మావయ్య సీసా ఎదురుగా ఉన్నట్టు కిందికి చూసి ఆలోచించాడు.

"లిఫ్టు ఎక్కేముందు తోసేవాడు వంగి బుడగలు చూడాలని రాయండి. వస్తున్నాయని వాడు పైకి చెప్పాకే బండి కదలాలని రాయండి. అక్కడ ఎవరున్నా సరే." ఒకసారి పెద్ద సిస్టర్ వంక చూసి, మళ్ళీ చూపు దించుకున్నాడు. "పెద్ద సిస్టరమ్మ ఉన్నా సరే అని కూడా రాయండి."

"రాయండి సార్" అంది పెద్ద సిస్టర్.